మేకలబండ మాంగనీసు గని: సవరించిన నివేదిక

రామచంద్రం రాసిన నివేదికలో తప్పు పట్టగలిగినవాడు ప్రభుత్వ భూగర్భశాఖలో లేడు. ఈ మాట ఆయన తన నోటితో ఎన్నడూ అనలేదు. అనవలసిన అవసరం రాకుండా చూసుకున్నాడు, అంతే. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆయన పైకి పంపిన ప్రతి కాగితమూ సంతకంతో తిరిగివచ్చింది తప్ప ఎర్రసిరా గీతతో తిరిగిరాలేదు. రాయిని రాయి అని, మట్టిని మట్టి అని, సందేహాన్ని సందేహమనే రాసే మనిషి.

అటువంటి మనిషి బతుకులో ఒక్క గొయ్యి ఉంది. అది నకిరేకల్‌కు దక్షిణంగా పదకొండు మైళ్ల దూరాన, మేకలబండ అనే ఊరి పొలిమేరలో ఉంది. దాని లోతు అరవై అడుగులు.

దాని చరిత్ర చెప్పాలంటే 1953కు పోవాలి. అప్పటికి రామచంద్రం శాఖలో చిన్న ఉద్యోగి. చుట్టూ పది మైళ్ల మేర ఒట్టి గ్రానైట్ తప్ప మరొకటి లేని ఆ నేల మీద, ఒక పరుపుబండ పక్కన, పది అడుగుల ఎత్తు, ముప్పై అడుగుల వెడల్పు ఉన్న నల్లటి దిబ్బ ఒకటి ఆయన కంటబడింది. ఒక రాయి తీసి గోటితో గీకాడు; వేలు మసిబారింది. ఆమ్లపు చుక్క వేశాడు. ముక్కు పగిలే ఘాటుతో పొగ లేచింది. రాతిపొడిని వెలిగారంతో కలిపి మంటలో కాల్చాడు. పూస చక్కని ఊదారంగుకు తిరిగింది. మాంగనీసు! అందులోనూ మేలురకం మాంగనీసు.

గ్రానైట్ నేలలో మాంగనీసు ఎందుకుంటుంది? మరొకడైతే ఈ ప్రశ్న దగ్గర ఆగేవాడు. రామచంద్రం ఆగలేదు, కొలిచాడు. దిబ్బ మీది రాళ్లు నాలుగు దిక్కులా ఒకే వాలుతో, ముప్పై నాలుగు డిగ్రీల వాలుతో కిందికి జారి ఉన్నాయి. అటువంటి నిర్మాణాన్ని భూగర్భశాస్త్రంలో గుమ్మటం అంటారు. రాళ్లన్నీ నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. ఆ ఖనిజం ద్రాక్షగుత్తిలా గడ్డకట్టే స్వభావం కలదని పుస్తకాల్లో ఉంది. కొన్ని రాళ్ల మీద పచ్చటి పొడి పూత ఉంది, అది లిమొనైట్ అనే ఇనుప ఖనిజం. మరికొన్నింటి మీద ఎర్రటి మరకలున్నాయి, అదీ ఇనుప ఖనిజమే, హెమటైట్. ఇవన్నీ నలభై ఒక్క పేజీల నివేదికలో క్రమంగా పొందుపరచి, చివర ఈ విధంగా తేల్చాడు: ‘భూమి లోపలి పగులు గుండా వేడినీటి ధారలు ఖనిజాన్ని పైకి మోసుకువచ్చినవి. పైకి కనబడుతున్న ఈ గుమ్మటం లోపలి ఖనిజస్తంభానికి శిఖరం మాత్రమే.’

నివేదిక చూసి ఒక కంపెనీ వచ్చింది. మొదటి నెలలో ముప్పై రెండు లారీల ఖనిజం పోయింది. రెండో నెలలో దిబ్బ కింద గ్రానైట్ తగిలింది. నివేదికలో స్తంభం ఉన్నదని రాసి ఉన్నది కనుక కంపెనీ తవ్వుతూ పోయింది. పదిహేను అడుగులు, ముప్పై అడుగులు, నలభై ఐదు అడుగులు, అంతా గ్రానైటే. అరవయ్యో అడుగున బండ పగిలి నీళ్లు ఎగదన్నాయి. పెట్టిన పంపులు పెట్టినట్టే మునిగాయి. 1954 చివర కంపెనీ సామాను సర్దుకొని వెళ్లిపోయింది.

నివేదిక తప్పని ఎవరూ అనలేదు. ఆ నివేదికను పరిశీలించి సంతకం చేసిన అధికారి ‘లోతు చాలలేదు’ అని ఒక ముక్క రాసి ఫైలు మూశాడు. అయితే శాఖలో చాయ తాగేవేళ మాత్రం ఎవరో ఒకరు, “రామచంద్రంగారూ, మా ఇంట్లో బావి తవ్విస్తున్నాం. మాంగనీసు పడుతుందంటారా?” అని అడిగేవారు. ఆయన కప్పు బల్ల మీద పెట్టి లేచిపోయేవాడు. పదేళ్లపాటు, చల్లారని చాయ కప్పులు ఎన్ని ఆ బల్ల మీద వదిలిపెట్టాడో లెక్కలేదు. ఆ గొయ్యి అడుగున ఖనిజం ఉన్నదని ఒక్క బుట్టెడు రాయితో రుజువైతే చాలు, ఇంకేమీ అక్కరలేదని ఆయన అనుకునేవాడు.

1965 జూన్ మొదటి వారంలో ఆయనను డైరెక్టరుగారు పిలిపించారు. నాడు సంతకం చేసిన అధికారే ఇప్పుడు డైరెక్టరు.

“రామచంద్రంగారూ, మీ గని మళ్లీ మొలిచింది,” అన్నారు.

మేకలబండ మీదుగా పోతున్న కాంట్రాక్టరొకడు గొయ్యి ఒడ్డున నల్లటి దిబ్బ చూసి, ఒక రాయి తెచ్చి ఇచ్చాడట. శాఖ ప్రయోగశాల పరీక్షించి నలభై ఎనిమిది శాతం మాంగనీసు అన్నదట.

“పదిహేనో తేదీన పంపులు బయలుదేరుతున్నవి. గొయ్యిలో నీళ్లన్నీ తోడించి, ఇంకా లోతుకు పోదాం. ఈలోగా మీరు వెళ్లి, పాత గని చరిత్ర, భూగర్భ నిర్మాణం మీద సమగ్రమైన నివేదిక రాసుకొని రండి. చూశారా, లోతు చాలలేదని ఆనాడే నేను రాశాను!”

రామచంద్రం గదిలోంచి బయటికి వచ్చి, చాయ కప్పుల బల్ల ముందునుంచి, అవసరం లేకపోయినా, రెండుసార్లు నడిచాడు.

జీపు ఏసోబు నడిపాడు. మనిషి మంచివాడే కాని మౌనం భరించలేడు. చౌటుప్పల్ దాటేవరకు ఇంజను గురించి మాట్లాడాడు. నకిరేకల్ దాటేవరకు తన బామ్మర్ది గురించి మాట్లాడాడు. రామచంద్రం రెంటికీ జవాబు చెప్పలేదు. తొలకరి పడి రెండు రోజులైంది. మేకలబండ గడ్డ ఎక్కేసరికి, నల్లగా, నిగనిగలాడుతూ, దిబ్బ కనబడింది.

అది ఉన్నది! ఛాతీ ఎత్తున, పద్నాలుగు అడుగుల వెడల్పున, పాత దిబ్బ ఉన్నచోటికి పది గజాల ఇవతల, గొయ్యి ఒడ్డునే ఉన్నది. రామచంద్రం నేరుగా దిబ్బ ఎక్కి వాలు కొలిచే పరికరం తీశాడు. తూర్పున ముప్పై నాలుగు డిగ్రీలు. పడమట ముప్పై నాలుగు. ఉత్తరాన, దక్షిణాన కూడా అంతే. గుమ్మటం! పచ్చని పూత ఉన్నది. ఎర్రని మరకలున్నవి.

“సారూ,” అన్నాడు కిందినుంచి ఏసోబు, “కంపెనోల్లు మొత్తం తీస్కపోయిన్రు గద. రాళ్లు మల్ల మొలుస్తయా?”

“రాళ్లు మొలవవు, ఏసోబూ. పైకి నెట్టబడతాయి. మీద ఉన్న బరువు తీసివేయగానే లోపలి స్తంభం పైకి లేచింది.”

“పన్నెండేండ్లల్ల ఇంత లేసిందా?”

“సంవత్సరానికి నాలుగున్నర అంగుళాల చొప్పున,” అన్నాడు రామచంద్రం, అప్పటికప్పుడు మనసులో భాగించి. ప్రపంచంలో ఎవరూ ఇంతవరకు రాయని మాట అది. దిబ్బ శిఖరం మీద కూర్చొని, నోటుపుస్తకం తెరిచి, ‘స్వయంగా పెరిగే నిక్షేపం’ అని శీర్షిక పెట్టాడు.

“ఎవడ్రా అది, అమ్మ నెత్తికెక్కి కూసున్నది?”

రామచంద్రం తలెత్తాడు. డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఒకతె, చంకలో మూట, చేతిలో కర్రతో గడ్డ ఎక్కి వస్తున్నది.

“చెప్పులు! చెప్పులతోటి ఎక్కినవా? దిగు! దిగు ముందుగాల!”

“అమ్మా, నేను ప్రభుత్వోద్యోగిని. ఇది ఖనిజ నిక్షేపం. దీనిని పరిశీలించే నిమిత్తం...”

“ఓ అయ్యా, గీయన పుస్తకం లెక్క మాట్లాడుతాండు,” అని ముసలమ్మ ఏసోబుతో అన్నది. “నువ్వన్న జెప్పు, దిగుమను.”

ఏసోబు ఏమీ చెప్పకముందే రామచంద్రం దిగాడు. ముసలమ్మ మూట విప్పింది. అందులోంచి రెండు పిడికిళ్లంత నల్లటి రాయి తీసింది. కొంగుముడిలోంచి చిటికెడు పసుపు తీసి దానికి రాసింది. కుంకుమబొట్టు పెట్టింది. కళ్లు మూసుకొని ఏదో గొణిగి, రాయిని దిబ్బ మీద వేసింది. అది రెండు పొర్లు పొర్లి, కొంచెం జారి, ఆగింది. రామచంద్రం చెయ్యి దానంతట అదే పరికరం మీదికి పోయింది. ముప్పై నాలుగు డిగ్రీలు.

ఆయన మరోసారి కొలిచాడు. అదే అంకె.

“అమ్మా,” అన్నాడు చివరకు, “ఆ రాయి ఎక్కడిది?”

“కిష్ణ ఒడ్డుకెల్లి తెచ్చిన. కొల్లాపురం అవుతల వాగుల ఏరిన. ఎండకాలం మందల తోలుకొని ఆడికే గద పోతం. వాన పడంగనే మర్లొస్తం. మర్లొచ్చినోల్లందరు తలా ఒక రాయి రాళ్ల మైసమ్మకు ఎయ్యాలె. గొర్రెకు రోగం రావద్దని మొక్కు.”

“రాళ్లు ఇక్కడ కూడా ఉన్నవి కదా. అంత దూరంనుంచి ఎందుకు?”

“ఊకె దొరికే రాయి ఏస్తే మొక్కెట్లయితది? బరువుది గావాలె, నల్లగుండాలె, నున్నగుండాలె. తేలిక రాయి ఏస్తే అమ్మ మొకం తిప్పుకుంటది. గా వాగంత దేవులాడితే మైలుకు ఒకటి దొరుకుతది, రెండు దొరుకుతయి. నూటయాభై మైళ్లు మోసుకొస్తం.”

“ఎన్నేళ్లనుంచి?”

“మా తాతల తాతలకెల్లి. నాకేమెరుక? సుట్టుపట్టు ఊర్ల గొల్లోల్లందరు ఏస్తరు.”

రామచంద్రం సంచిలోంచి 1953 నాటి నివేదిక తీశాడు. పదిహేడో పేజీ తెరిచి, దిబ్బ మీది ఒక రాయిని వేలితో చూపించాడు. అడగకుండా ఉండడానికి ఆయనకు ఎన్నో కారణాలున్నాయి, అయినా అడిగాడు.

“దీని మీది ఈ పచ్చని పూత?”

“పసుపు. కాళ్లకు రాసుకునేదే. మీ ఇంట్ల లేదా?”

“ఈ ఎర్రది?”

“కుంకుమ బిడ్డా. ఏంది, పానం బాగలేదా నీకు? కూసో జర.”

ఆయన పరుపుబండ మీద కూర్చున్నాడు. నున్నని, గుండ్రని రాళ్లు! వాగులో కొన్ని వేల ఏండ్లు దొర్లిన రాయి నున్నగా, గుండ్రంగా ఉండక మరెట్లా ఉంటుంది? ఏ విద్యార్థి అయినా చూసి చెప్పగలిగిన విషయం. ఎక్కడ రాళ్లు కుప్ప పోసినా దాని వాలు ముప్పై నాలుగు డిగ్రీల చుట్టే తిరుగుతుందని ఇసుక దింపే కూలివాడికి కూడా తెలుసు. నలభై ఒక్క పేజీలు!

“మరి ఆనాడు ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు.

ముసలమ్మ ఆయన ముఖంలోకి వంగి చూసింది. “ఓ! నువ్వు గా సారువు గదా! నెత్తిమీద టోపీ ఉండె. గప్పుడు నువ్వడిగినవా మమ్ముల? రెండు దినాలు అమ్మ సుట్టు తిరిగినవు. ఒక్కొక్క రాయి తీసి నాలికెకు పెట్టుకున్నవు. సీసల కెల్లి సుక్కలు సల్లితివి, పొగలొచ్చె. నిప్పు రాజేసి గందుల ఏదో పొడి ఏస్తివి. మేము గా బండ సాటుకు నిలవడి దండం బెట్టినం. పట్నపోల్లు గిట్లనే మొక్కుతరు గావచ్చు అనుకున్నం.”

ఏసోబు జీపు వెనక్కు పోయి గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపటికి గాని తగ్గలేదు.

అంతలో గొర్రెల గంటలు వినబడ్డాయి. నాలుగు వందల గొర్రెల మంద గడ్డ ఎక్కి, దిబ్బకు ఇరుపక్కలా చీలి, గొయ్యిలోకి దిగసాగింది. కంపెనీవారు బండలో కోసిన మెట్లే వాటికి దారి. అరవై ఏళ్ల కాపరి ఒకడు గొంగడి భుజాన వేసుకొని వెనక వస్తున్నాడు.

“తమ్మీ గుర్వయ్యా,” అని కేకేసింది ముసలమ్మ. “ఎవలొచ్చిన్రో సూడు! బాయి సారు!”

గుర్వయ్య దగ్గరికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి, ఒక్కసారిగా వంగి రామచంద్రం మోకాళ్లు ముట్టుకున్నాడు. “నిజమే, అక్కా! బాయి సారే! ఎన్నేండ్లకొచ్చినవు సారూ!”

“ఏ బావి?” అన్నాడు రామచంద్రం.

“గిదే! నువ్వు జాగా జూపెడితివి. కంపెనోల్లు తవ్విరి. అరవై అడుగులకు జల పడె. పడంగనే సామాను సదురుకొని పోయిరి. బాయి తవ్వెటోడు నీళ్లు పడ్డంక ఆగుతడు గద. మమ్ముల కూలి గూడ అడుగలే. సర్కారంటే గట్లుండాలె అని ఊరు ఊరంత అనుకున్నం.”

“మరి మీ అమ్మవారి రాళ్లన్నీ తీసుకుపోయారు కదా. కోపం రాలేదా?”

“ఎందుకొస్తది? బాయికి బదులు అమ్మనే ఇచ్చింది అనుకున్నం. రాళ్లదేముంది సారూ, మల్ల తెస్తం. అమ్మ తావు బోసిపోయిందని గప్పటికెల్లి తలా రెండు తెస్తున్నం.”

“నీ పేరు మీద గూడ ఏటా ఒకటేస్తున్నం,” అన్నది ముసలమ్మ. “సత్తమ్మనంటె ఎవలనుకున్నవు? మాట మరువను. ఇయ్యాల ఏసింది నీదే.”

అంటే తాను ఇప్పుడే కొలిచిన ఖనిజంలో పదకొండో పన్నెండో రాళ్లు తన ఖాతాలోవే. రామచంద్రం ఆ సంగతిని జీర్ణించుకుంటూ ఉండగా గుర్వయ్య గొయ్యిలోకి దిగి, ముంతతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

“మా పాత బాయి నీళ్లకు పండ్లు గారబట్టినయి, నడుములు వంగినయి,” అన్నాడు గుర్వయ్య. “నా పెద్దకొడుకు సాయిలు పుట్టినంక గా నీళ్లే తాగె, ఇరువైయేండ్లకే ముసలోని లెక్క నడుస్తడు. చిన్నోడు ఈ నీళ్లు తాగి పెరిగిండు. తాటిచెట్టు తీరుగున్నడు. సూడు.”

గొయ్యి అంచున తలగుడ్డ చుట్టుకొని నిలబడి, గొర్రెలను అదిలిస్తున్న పదకొండేళ్లవాడిని చూపించాడు. వాడి నడుము నిజంగానే నిటారుగా ఉంది. రామచంద్రం ముంత కిందపెట్టాడు. ఇక చెప్పక తప్పదు.

“పదిహేనో తేదీన పంపులు వస్తున్నవి. ఈ నీళ్లన్నీ తోడేస్తారు.”

“పూడిక తీస్తరా?” అన్నాడు గుర్వయ్య సంతోషంగా.

“కాదు. ఇంకా లోతుకు తవ్వుతారు. ఖనిజం కోసం.”

“ఏం ఖనిజం?”

“ఈ నల్లరాళ్లు.”

అక్కాతమ్ముళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సత్తమ్మ, చెవిటివాడికి చెప్పినట్టు, చెయ్యి తిప్పుతూ నెమ్మదిగా చెప్పింది: “రాళ్లు పైనున్నయి బిడ్డా. గివిగో. కింద లేవు. కింద నీళ్లున్నయి. రాళ్లు గావాల్నంటే తీస్కపో.”

ఇంత క్లుప్తంగా, ఇంత నిర్దుష్టంగా ఆ గని భూగర్భ నిర్మాణాన్ని అంతవరకు ఎవరూ వర్ణించలేదు. రామచంద్రానికి అది తెలిసింది.

“కింద ఉన్నయని ఎవడు జెప్పిండు?” అన్నాడు గుర్వయ్య.

“నేనే.”

“ఎప్పుడు?”

“పన్నెండేళ్ల కింద. కాగితం మీద రాశాను.”

“రాసినోడివి నువ్వే గద,” అన్నది సత్తమ్మ. “కొట్టెయ్యి. దాంట్ల ఏమున్నది?”

దానిలో ఏమున్నదో ఆమెకు ఎట్లా చెప్పడం? ఆయన జీపెక్కాడు. నకిరేకల్ దాటేవరకు ఏసోబు కూడా మాట్లాడలేదు. చౌటుప్పల్ దగ్గర మాత్రం, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, “సారూ, పసుపును మీరేమని రాసిన్రు?” అని అడిగాడు.

“నువ్వు రోడ్డు చూసి నడుపు,” అన్నాడు రామచంద్రం.

కొత్త నివేదిక రాయడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. చరిత్ర ఒక పూటలో అయింది. మిగిలిన కాలమంతా ఒక్క వాక్యానికే సరిపోయింది. మొదట, ‘గత నివేదికలో కొన్ని అంశాలు పునఃపరిశీలింపదగినవి’ అని రాశాడు. అది నిజమే కాని దానితో పంపులు ఆగవు. కొట్టేసి, ‘పొరపాటు జరిగియుండవచ్చును’ అన్నాడు. జరిగినదానిని జరిగియుండవచ్చునని అనడం అబద్ధం. దాన్నీ కొట్టేశాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, పద్దెనిమిదేళ్లలో మొదటిసారి, తన చిత్తుప్రతి మీద తానే ఎర్రసిరాతో గీత గీసి, కింద ఇట్లా రాశాడు: ‘మేకలబండ నేలలో మాంగనీసు ఏనాడూ లేదు. ఆ దిబ్బ గొల్లలు మొక్కుగా మోసుకొచ్చిన రాళ్ల కుప్ప. నేను తప్పు రాశాను.’ రాసిన తరువాత, తాను భయపడినట్టు ఆకాశం విరిగిపడలేదని గమనించి, ఆశ్చర్యంతో పాటు కాస్త నిరాశ కూడా పొందాడు.

పదమూడో తేదీన డైరెక్టరుగారు ఆ వాక్యం చదివి, అద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ చదివారు.

“ఇది కుదరదు,” అన్నారు.

“అది నిజమండీ.”

“నిజం కావచ్చును. కుదరదు. మీ నివేదికను పరిశీలించి సరియైనదని సంతకం చేసింది ఎవరు? నేను. మీరు తప్పు రాయాలంటే నేను తప్పు చదివి ఉండాలి. నేను తప్పు చదివేవాడినైతే ఈ కుర్చీలో ఎందుకుంటాను? కుర్చీలో ఉన్నాను. కనుక మీరు తప్పు రాయలేదు.”

“అయ్యా, నేను పసుపును లిమొనైట్ అని రాశాను.”

“ప్రయోగశాల నలభై ఎనిమిది శాతం అన్నది. శాఖ ప్రయోగశాల మాట చెల్లుతుందా, గొర్లకాపరుల మాట చెల్లుతుందా? పంపులు లారీ మీదికెక్కినవి. ఎల్లుండి బయలుదేరుతున్నవి. మీరు వెళ్లి ఆ వాక్యం తీసివేసి పట్టుకురండి. మీవంటి మనిషి తన మీద తానే లేనిపోని నింద వేసుకోవడం నేను చూడలేను.”

రామచంద్రం లేవలేదు. పదేళ్లు ఆయన కోరుకున్న మాటను ఇంత పెద్ద అధికారి నోట, ఇంత గట్టిగా ఇప్పుడు విన్నాడు. ఆయన తప్పు రాయలేదు! తలుపు తీసుకొని బయటికి నడిస్తే చాలు, చాయ బల్ల దగ్గర ఇక ఎవరూ నోరు మెదపరు. మేకలబండ గొయ్యి ఖాళీ అవుతుంది. అడుగున గ్రానైట్ తేలుతుంది. మళ్లీ ‘లోతు చాలలేదు’ అని ఎవరో రాస్తారు. నాలుగు వందల గొర్రెలు, నిటారు నడుమున్న పిల్లవాడు పాత బావి దగ్గరికి పోతారు.

తప్పు ఒప్పుకుంటే ఎవరూ తీసుకోవడం లేదు. ఆయన దగ్గర ఇక మిగిలింది ఒప్పు మాత్రమే.

“అయ్యా,” అన్నాడు. “తమరు చెప్పినది సరియైనదే. నా 1953 నివేదిక అక్షరాలా నిజం. మేకలబండలో ఖనిజం ఉన్నది.”

“చూశారా!”

“ఉన్నది. అయితే నిక్షేపణ ఇంకా పూర్తికాలేదు.”

డైరెక్టరుగారు ముందుకు వంగారు.

“నదులు రాళ్లను మోసుకొచ్చి నిక్షేపిస్తవి. గాలి ఇసుకను మోసుకొచ్చి నిక్షేపిస్తుంది. ఇవి శాస్త్రం అంగీకరించిన వాహకాలు. మేకలబండలో వాహకం గొల్లవారు. ఖనిజం కృష్ణాతీరంనుంచి ఏటా తొలకరిలో వచ్చి చేరుతున్నది. పన్నెండేళ్లలో ఇరవై టన్నులు చేరింది. గని తెరవడానికి కనీసం పదివేల టన్నులుండాలని శాఖ నియమం. ఇదే వేగంతో పోతే ఆ పరిమాణం చేరడానికి ఆరువేల సంవత్సరాలు పడుతుంది.”

“ఆరువేలు,” అన్నారు డైరెక్టరుగారు.

“భూగర్భశాస్త్రంలో అది ఎంతసేపండీ?”

“రెప్పపాటు,” అన్నారు ఆయన, శాస్త్రం మీద గౌరవంతో.

“ఈలోగా నీళ్లు తోడితే గొర్రెలుండవు. గొర్రెలు లేకపోతే గొల్లలు కృష్ణ ఒడ్డుకు పోరు. వాహకం ఆగిపోతుంది. నిక్షేపం అర్ధంతరంగా నిలిచిపోతుంది. ఆ నష్టానికి బాధ్యులెవరని రేపు ఎవరైనా అడిగితే...”

డైరెక్టరుగారు గంట కొట్టి, పంపులను లారీ మీదినుంచి దింపమని చెప్పి పంపారు. తరువాత రామచంద్రం ఎదుటే ‘నేను తప్పు రాశాను’ అన్న వాక్యాన్ని తన చేత్తో, సున్నితంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశారు. రామచంద్రం కాగితం మీద శాఖలో పడిన మొదటి కొట్టివేత అది. తప్పు రాసినందుకు కాదు.

ఉత్తర్వు వారంలోగా వెలువడింది. మేకలబండ గొయ్యిలోని నీటిని, దానిని తాగే గొర్రెలను, వాటిని కాసే మనుషులను, ‘నిక్షేపణ ప్రక్రియకు భంగం కలిగే విధంగా ఎవరును కదిలించరాదు’ అని అందులో ఉన్నది. ఏటా జూన్‌లో పెరుగుదలను కొలిచి పంపే బాధ్యత రామచంద్రానిది. 1953 నివేదిక ప్రామాణికమైనదని ప్రశంస కూడా ఒకటి జతపరిచారు. శాఖలో ఆ ప్రశంస అందరూ చదివారు. చాయ బల్ల దగ్గర ఎవరో లేచి ఆయనకు కుర్చీ వేశారు. ఆయన చాయ మొత్తం తాగవలసి వచ్చింది.

ఉత్తర్వు చదివి వినిపించడానికి ఆయన స్వయంగా మేకలబండ వెళ్లాడు. ఈసారి చెప్పులు జీపులోనే వదిలాడు. దిబ్బ ముందు గుర్వయ్య, సత్తమ్మ, మరో పదిమంది కూర్చున్నారు. ఆయన మొత్తం చదివాడు, ఒక్క మాట వదలకుండా.

“ఏమన్నట్టు సారూ?” అన్నాడు గుర్వయ్య.

“నీళ్లు తియ్యరు.”

“గంతేనా? గా మాటకు గంత పెద్ద కాగితమా?”

“ఆరువేల ఏండ్లదాక తియ్యరు.”

“అటెన్క?”

“అటెన్క వచ్చి చూస్తారు.”

గుర్వయ్య ఆ గడువు సబబుగానే ఉన్నదన్నట్టు తలూపి, గొర్రెల వైపు లేచిపోయాడు. మిగిలినవాళ్లూ లేచారు. సత్తమ్మ మాత్రం కదలలేదు.

“నువ్వు రాసింది తప్పని సర్కారుకు జెప్పినవా?” అన్నది.

“చెప్పానమ్మా.”

“ఏమన్నరు?”

“నాది తప్పు కాదన్నారు. గట్టిగా చెప్పాను. అయినా వినలేదు. నాదే ఒప్పని కాగితం కూడా ఇచ్చారు.”

ముసలమ్మ ఆయన ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసింది. ఆ ముఖంలో ఏమి కనబడిందో, బోసినోటితో కడుపారా నవ్వింది.

“మంచిగయింది నీకు,” అన్నది.